రెండు సర్వి నీడలు

నెల్లూరు,
10-9-1961

ప్రియమైన బావకి, హెబ్రోను వందనాలు.

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోవద్దు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రోజూ రాద్దామని కూర్చోవడం, ఎవరో ఒకరు పగిలిన అద్దం పట్టుకుని కొట్లోకి రావడం. ఇప్పుడు కూడా ఒకావిడ కూతురి పెళ్ళి ఫొటోకి పటం కట్టించుకోవడానికి వచ్చి బల్ల మీద కూర్చుంది. జిగురు ఆరేలోపల గబగబా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే జిగురుదే తప్పు.

నువ్వు భిలాయి రైలెక్కేటప్పుడు ఆ పాత డబ్బా కెమెరా నా చేతిలో పెట్టి చెప్పింది చెప్పినట్టే చేస్తున్నాను. రెండు నెలలకోసారి, పొద్దున ఎనిమిదింటికి, పార్కులో సిమెంటు బెంచీ ఎక్కి, పడమటివైపు తిరిగి, నీ ఆకాశమల్లె మధ్యలో వచ్చేట్టు తీయడం. చోటు మారిస్తే కాలం మారింది తెలియదన్నావు కదా. బెంచీ ఎక్కిన ప్రతిసారీ నడకకొచ్చే పెద్దమనుషులు నవ్వుతున్నారు. చెట్టుకి ఇంత సింగారం చేస్తావు, నన్నెప్పుడైనా నిలబెట్టి ఒక్క ఫొటో తీశావా అని మా ఆవిడ సామ్రాజ్యం దెప్పుతోంది.

మూడు ఫొటోలు ఇందులో పెట్టాను. మే నెలది చూడు, గడ్డి మొత్తం మాడిపోయి నేల బోడిగా ఉంది. జూలైది కొంచెం నయం. మొన్నటిది వానలు పడ్డాక తీశాను, నలుపూ తెలుపులో కూడా పచ్చదనం తెలుస్తోంది. ఒక్కటే బాధ. బెంచీ వెనక నువ్వు వేసిన రెండు సర్వి చెట్ల నీడలు ప్రతి ఫొటోలోనూ చారల్లాగా పడుతున్నాయి. దారి మీదుగా పాకి సరిగ్గా నీ చెట్టు మొదలు దాకా పోతున్నాయి. కెమెరాకి ఎండ కావాలి, నీ చెట్టు మీద నీడ పడుతోంది.

ఇంకో సంగతి. మన వర్తక సంఘం వాళ్ళు, పార్కు మాదే కాబట్టి వచ్చే ఏడాది కేలండరు మీద పార్కు ఫొటో వేద్దామంటున్నారు. పటాల కొట్టు హెబ్రోను తీసిన ఫొటో! ఏడేళ్ళుగా పూయని నీ చెట్టు ఈ కార్తీకంలో పూస్తే ఆ ఫొటోనే వేయిస్తాను. నీ చోట్లో చేరిన పెంచలయ్య బాగానే నీళ్ళు పోస్తున్నాడు. అక్కకి, పిల్లలకి మా అందరి వందనాలు.

నీ బావమరిది,
హెబ్రోను


భిలాయి,
28-9-1961

హెబ్రోనుకి,

ఉత్తరం, ఫొటోలు అందాయి. ఇక్కడంతా కులాసా. మీ అక్క మూడు ఫొటోలనూ అద్దానికి గుచ్చింది.

మే ఫొటోలో ఎడమవైపు గోరింట కంచె ఒకచోట ఎండింది. పెంచలయ్యకి చెప్పు. జూలైది మూరెడు పక్కకి జరిగి తీశావు. మళ్ళీ జరగొద్దు.

సర్వి చారలు ఉండనీ. ఆ చెట్ల జోలికి పోవద్దు. పెంచలయ్య కష్టపడతాడు గాని కట్టె కనబడితే వాడి చెయ్యి ఊరుకోదు. వాడి మీద ఒక కన్నేసి ఉంచు.

ఇక్కడ నాకు ఆరెకరాల తోట ఇచ్చారు. నేల గట్టిది, గాలిలో ఉప్పు లేదు. ఏం పెట్టినా బతుకుతుంది. మన ఇసకలో చెట్టు బతికించినంత సంతోషం మాత్రం రావడం లేదు.

ఆకాశమల్లె పూస్తే వెంటనే రాయి.

క్రీస్తుదాసు


నెల్లూరు,
5-12-1961

బావా,

పూసింది!

ముందే రాయాల్సింది, ఫొటో కడిగించేదాకా ఆగాను. పోయిన నెల ఇరవయ్యో తారీకు పొద్దున కొట్టు తాళం తీయబోతుంటే గాలిలో వాసన. పార్కులోకి వెళ్ళి చూస్తే చెట్టు కింద తెల్లగా దుప్పటి పరిచినట్టుంది. ఆడపిల్లలు ఆ పొడుగు కాడల్ని దారం లేకుండా జడల్లా అల్లుకుంటున్నారు. పెంచలయ్య చేతులు కట్టుకుని నిలబడి, దాసన్న ఉంటే ఏడ్చేసేవాడు అన్నాడు. మా ఇద్దరికీ నువ్వు లేని లోటు అప్పుడు తెలిసింది.

వారం తర్వాత తీసిన ఫొటో ఇది. ఈసారి చారలు లేవు చూశావా? చారలు పడకుండా తీసే కిటుకు పట్టేశాను. రాలిన ప్రతి పువ్వూ లెక్కపెట్టేట్టు ఉంది. సంఘం సెక్రటరీ గారు చూసి, ఇదేం పార్కయ్యా, ఏ రాజుగారి తోటో అనుకున్నా అన్నారు. కేలండరుకి ఇదే ఖాయం చేశారు. కింద నా పేరు కూడా వేస్తారట. నీ పేరు కూడా వేయమన్నాను, చోటు చాలదన్నారు.

క్రిస్మస్‌కి సామ్రాజ్యం గవ్వలు, కజ్జికాయలు చేసి పార్సిలు పంపుతోంది. కజ్జికాయలు విరిగితే పోస్టు వాళ్ళని తిట్టు, నన్ను కాదు.

హెబ్రోను


భిలాయి,
2-1-1962

హెబ్రోనుకి,

ఫొటో అందింది. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. విత్తనం మొలిచిన రోజు నుంచి ఆ చెట్టు నాకు తెలుసు. మీ అక్క ఫొటోని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన వస్తోందని పిల్లల్ని ఆడిస్తోంది. కజ్జికాయలు విరిగాయి, తిన్నాం.

ఒక మాట. సర్వి చారలు లేకుండా ఆ బెంచీ మీద నుంచి పొద్దున ఎనిమిదింటికి ఫొటో రాదు. కిటుకేమిటో రాయి.

క్రీస్తుదాసు


నెల్లూరు,
27-1-1962

బావా, వందనాలు.

నువ్వు తోటమాలివా, పోలీసువా? కిటుకంటే ఏముంది, ఆ రోజు పొద్దున కొట్లో పని పడి మధ్యాహ్నం మూడింటికి తీశాను. అంతే. మళ్ళీ ఎనిమిదింటికే తీస్తాలే.

కేలండర్లు వచ్చేశాయి. ఊరు మొత్తం మన ఆకాశమల్లే. మంగలి షాపులో, కాఫీ హోటల్లో, చివరికి మన పాస్టరుగారి వరండాలో కూడా. నాయుడుపేట నుంచి సరుక్కి వచ్చిన ఒకాయన ఆ ఫొటోకి పటం కట్టించుకుని తీసుకెళ్ళాడు. చలి ఈ ఏడు బాగానే ఉంది. పార్కులో గడ్డి చివర్లు పండినాయి. కొత్త ఫొటో ఇంకా తీయలేదు, రీలు దొరకడం లేదు.

ఎవరో పిలుస్తున్నారు, ఉంటాను.

హెబ్రోను


భిలాయి,
14-2-1962

హెబ్రోనుకి,

మూడింటికి తీశానన్నావు. మూడింటికి ఎండ నీ ఎదురుగా ఉంటుంది. చెట్టు నీడ నీ వైపు పడాలి. ఈ ఫొటోలో నీడ అవతలి గోడ వైపు పడింది. అది పొద్దున తీసిందే.

అంటే సర్వి చెట్లు లేవు. పెంచలయ్య కొట్టి కట్టెలకి వేసుకున్నాడు. నీకు ఆ సంగతి తెలుసు. వాడు పిల్లలు గలవాడని జాలిపడి నా దగ్గర దాస్తున్నావు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, మెతకవాడివి. స్కూల్లో పక్కవాడి తప్పుకి నువ్వు దెబ్బలు తిన్న సంగతి మీ అక్క ఇప్పటికీ చెబుతుంది. దానికి నిన్ను తప్పు పట్టను.

కాని ఆ రెండు చెట్లూ నీడ కోసం వేసినవి కావు. ఆకాశమల్లె కొమ్మ పెళుసు, వేరు పైపైనే ఉంటుంది. మన తూర్పుగాలికి అడ్డం లేకపోతే నిలవదు. అందుకని దాని కంటే ముందు రెండేళ్ళు ఆ సర్వి పెంచాను. ఇప్పుడు దానికి కాపలా లేదు.

పెంచలయ్య సంగతి సెక్రటరీ గారికి నిన్ననే ఉత్తరం వేశాను. నీ పేరు అందులో రాయలేదు, భయపడకు. చెట్టుకి తూర్పు, ఈశాన్యం వైపు గట్టి రాటలు పాతి తాళ్ళు కట్టించమని చెప్పు. ఈ పని వెంటనే చేయించు.

క్రీస్తుదాసు


నెల్లూరు,
9-6-1962

బావా,

నాలుగు నెలల ఆలస్యం. కొట్లో పని అని ఈసారి రాయలేను. పని ఉంది గాని, అందుకు కాదు.

చెట్టు పడిపోయింది. పోయిన నెల తుఫానుకి. రెండు రోజులు గాలీ వానా. మూడో రోజు తెరిపిచ్చాక వెళ్ళి చూశాను. మొదట్లో విరిగి, పడమటి గోడ మీదికి ఒరిగి ఉంది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. నువ్వు చెప్పిన తాళ్ళు కట్టించాను, ఒక్క వరస. రెండో వరస వచ్చే వారం కట్టిద్దామనుకున్నాను.

ఇప్పుడు రాయబోయేది చదివేటప్పుడు అక్కని పక్కన కూర్చోబెట్టుకోవద్దు.

సర్వి చెట్లు పెంచలయ్య తనంతట తాను కొట్టలేదు. వాడి చేత నేను కొట్టించాను.

చెట్టు పూసింది. కేలండరుకి ఫొటో కావాలి. రాలిన పూలన్నీ ఆ చారల్లో నల్లగా పోతున్నాయి. పదింటి దాకా ఆగి ఉంటే నీడలు పొట్టివై పక్కకి జరిగేవి, అది నాకు తెలుసు. తొమ్మిదింటికి కొట్టు తెరవాలి కదా అనుకున్నాను. గంట ఆలస్యంగా తెరిస్తే ఈ ఊళ్ళో పగిలిన అద్దాలు ఎక్కడికి పోతాయి? అప్పుడు ఆ మాట తోచలేదు. చెట్లే కదా, మళ్ళీ వేస్తే వస్తాయిలే అనుకున్నాను.

పెంచలయ్య ఒప్పుకోలేదు. దాసన్న చెప్పకుండా కత్తి పెట్టను అన్నాడు. అప్పుడు నీ సెప్టెంబరు ఉత్తరం జేబులోంచి తీశాను. వాడికి చదువు రాదు కదా. నీ కాగితం నా చేతిలో పట్టుకుని, నీ దస్తూరీ మీద వేలు పెట్టి, నువ్వు రాయని మాట చదివాను. "సర్వి చెట్లు రెండూ కొట్టించి కట్టె పెంచలయ్యనే తీసుకోమను" అని. వాడు కాసేపు ఆ కాగితాన్నే చూసి, "అన్న రాసినాడంటే సరే" అన్నాడు. అదే రోజు కొట్టాడు.

నేను చదివిన ఆ కాగితంలో, ఆ చెట్ల జోలికి పోవద్దని రాసి ఉంది బావా.

ఫిబ్రవరిలో నీ ఉత్తరం చదివిన రోజే వెళ్ళి సెక్రటరీ గారికి చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. చెప్పలేదు. కొట్టు సంఘం వాళ్ళది, అద్దెకిచ్చింది వాళ్ళు, మీటింగుల్లో నాకు కుర్చీ వేసేది వాళ్ళు. ఆయన కూడా అప్పుడు నీ ఉత్తరం పట్టించుకోలేదు. చెట్టు పడ్డాక సొరుగులోంచి బయటికి తీశారు. పెంచలయ్యని పిలిపించారు, నన్నూ పిలిచారు. నీ ఉత్తరం చదివి వినిపించారు. పెంచలయ్య ముందు నమ్మలేదు.

"అదెట్టయ్యా? కొట్టమని ఆ అన్నే రాసినాడు. హెబ్రోనన్న చదివి చెప్పినాడు. ఆ కాగితం చూపించన్నా," అన్నాడు నావైపు తిరిగి.

సెక్రటరీ గారు నన్ను అడిగారు, అట్లాంటి ఉత్తరం ఉందా అని.

నేను లేదన్నాను.

పెంచలయ్య నన్ను తిట్టలేదు. కత్తి, పార, బొక్కెన అన్నీ తెచ్చి వరండాలో పెట్టి లెక్క అప్పగించి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మైపాడు వైపు సర్వి తోపులో కట్టె కొడుతున్నాడు. వాడి దృష్టిలో, కొట్టమని రాసిందీ నువ్వే, కొట్టాడని పితూరీ రాసిందీ నువ్వే.

ఆ ఉత్తరం నా సొరుగులోనే ఉంది. మొన్న సామ్రాజ్యానికి దొరికింది. చదివి, కంచం పక్కన పెట్టి, అన్నం వడ్డించింది. అప్పటి నుంచీ అన్నం వడ్డిస్తోంది, ఏమీ అనడం లేదు.

నువ్వు నన్ను మెతకవాడని రాశావు చూడు, ఆ వాక్యం నన్ను కూర్చోనివ్వడం లేదు. స్కూల్లో దెబ్బలు తిన్న సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. అది పక్కవాడి తప్పు కాదు, నాదే. అక్కకి అట్లా చెప్పుకున్నాను.

ఏం చేయమంటావో రాయి.

హెబ్రోను


భిలాయి,
30-6-1962

హెబ్రోనుకి,

ఉత్తరం అందింది. నాకు చెప్పి ఏం లాభం? పెంచలయ్యకి చెప్పు. సెక్రటరీ గారికి చెప్పు. పెంచలయ్య ఎదురుగా ఉండగా చెప్పు. ఆ తర్వాతే నాకు ఉత్తరం రాయి.

ఆ చెట్లు ఎందుకు వేశానో సెప్టెంబరులోనే నేను రాయవలసింది. నా మాటే చాలుననుకున్నాను. కళ్ళతో చూడకుండా ఒక మనిషి మీద పితూరీ రాశాను. అది నా తప్పు, దానికి జవాబు నేను చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పుకో.

ఆకాశమల్లె మొద్దు తవ్వనీయొద్దు. దాని వేళ్ళ నుంచి పిలకలు వస్తాయి.

మీ అక్క నీకు రెండు ముక్కలు రాస్తానంది. నేనే వద్దన్నాను.

క్రీస్తుదాసు


నెల్లూరు,
18-9-1962

బావకి వందనాలు.

నువ్వు చెయ్యమన్న పని అయ్యాకే రాస్తున్నాను. అవడానికి రెండు నెలలు పట్టింది. అందులో ఒక నెల భయానికి పోయింది, ఉన్న మాట చెబుతున్నాను.

మైపాడు బస్సెక్కి వెళ్ళాను. పెంచలయ్య తోపులో కట్టె పేరుస్తున్నాడు. నన్ను చూసి, "ఏందన్నా, ఇంకేమన్నా కొట్టాల్నా?" అన్నాడు. నిలబడే చెప్పేశాను. వాడు మొత్తం విని ఒక్కటే అడిగాడు.

"అయితే ఆ మాట దాసన్న రాయలేదా?"

రాయలేదన్నాను. కట్టెల మీద కూర్చుండిపోయాడు. ఉద్యోగం సంగతి అడగలేదు, నా సంగతి అడగలేదు.

తర్వాతి సంఘం మీటింగుకి వాడిని వెంటబెట్టుకుని వెళ్ళాను. సెప్టెంబరు ఫొటో, నవంబరు ఫొటో పక్కపక్కన బల్ల మీద పెట్టి, చారలు ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో చూపించాను. నీ ఉత్తరం తీసి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. "కట్టె కనబడితే వాడి చెయ్యి ఊరుకోదు" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. పెంచలయ్య వినబడేట్టు అన్నాడు, "చదువన్నా, ఈసారి ఏదీ మింగబాకు." చదివాను. నీ గురించి వాడేమీ అనలేదు. వాడి పేరుకి నువ్వు వేసిన కార్డు కూడా అందిందట. ఎవరి చేత చదివించుకున్నాడని అడిగితే, "నీ చేత మాత్రం కాదులే," అన్నాడు. అందులో ఏముందో చెప్పలేదు. నాకు అడిగే మొహం లేదు.

పోయిన నెలలో వాడిని పనిలోకి తీసుకున్నారు. నాకు మీటింగుల్లో కుర్చీ పోయింది. వచ్చే ఏడాది కేలండరు మీద రంగనాథస్వామి గోపురం వేస్తున్నారు. కొట్టు మాత్రం ఉండనిచ్చారు. ఊళ్ళో కొందరు ఇప్పటికీ నవ్వుతున్నారు. పాత నవ్వు కాదది.

పెంచలయ్య పాత చోట్లోనే రెండు సర్వి మొక్కలు నాటాడు. నేను నాటుతానంటే ముట్టనివ్వలేదు. నీళ్ళు మాత్రం నన్నే పోయమన్నాడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి రెండు బిందెలు మోస్తున్నాను. తర్వాత కలుపు తీయమంటాడు, పుల్లలు ఏరమంటాడు. కొట్టు తెరిచేసరికి పది అవుతోంది. ఇన్ని రోజుల్లో ఒక్క పగిలిన అద్దం కూడా ఆగలేక వేరే కొట్టుకి పోలేదు.

మొద్దు చుట్టూ మూడు పిలకలు లేచాయి. పెంచలయ్య ముళ్ళకంప కట్టాడు.

సామ్రాజ్యం మాట్లాడుతోంది. మొదటి మాట, "ఉప్పు చాలిందా" అని.

ఫొటో ఒకటి పెట్టాను. ఇది నేను తీయలేదు. కెమెరా పెంచలయ్యకి ఇచ్చి బెంచీ ఎక్కించి, ఈసారి వెనక్కి, సర్వి మొక్కల వైపు తిప్పాను. మూలన మసకగా ఉన్నది వాడి బొటనవేలు. బిందెతో వంగి ఉన్నది నేను. నా కాళ్ళ పక్కన ఇటువైపు చూడు, నేల మీద సన్నగా రెండు చారలు. వేలెడు పొడుగే ఉన్నాయి. అవి ఆకాశమల్లె దాకా పాకడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పడుతుంది. పెంచలయ్యని అడిగితే, "దాసన్న వచ్చి చూసి చెప్పాల" అంటున్నాడు.

అక్కని రెండు ముక్కలు రాయనీ. తిట్టినా సరే.

ఈ ఏడు నీకు సెలవు దొరుకుతుందా? బండి దిగేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నేను నిలబడి ఉండనా, లేకపోతే పెంచలయ్యని పంపి నేను పార్కులోనే ఉండిపోనా? నీకు ఎట్లా కుదిరితే అట్లా రాయి. ఎప్పుడొస్తావు బావా?

నీ బావమరిది,
హెబ్రోను